కొరియా యుద్ధఖైదీల కాగితాలు తెరవండి: రక్షణ శాఖకు, నేషనల్ ఆర్కైవ్స్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి, ఆ శాఖ చరిత్ర విభాగం అధికారులకు, నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా డైరెక్టర్ జనరల్ గారికి,

నమస్కారాలు. కాలేజీలో ఆధునిక చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ని. 1953 సెప్టెంబరు నుంచి 1954 ఫిబ్రవరి వరకు ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య సైన్యాలు ఉండకూడదని నిర్ణయించిన నిస్సైనిక మండలంలో మన సైన్యం కాపలా కాసిన యుద్ధఖైదీలకు సంబంధించిన పత్రాలను ఒక్కచోటికి చేర్చి, జాబితా వేసి, కొరియన్లకూ మనకూ సమానంగా అందుబాటులో ఉంచాలని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. మేజర్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ నాయకత్వంలో కస్టోడియన్ ఫోర్స్ ఇండియా పేరుతో వెళ్లిన దళం నడిపిన కాగితాలు, స్వదేశానికి వెళ్లబోమన్న ఖైదీల సంగతి చూడడానికి ఏర్పడి, లెఫ్టినెంట్ జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షత వహించిన తటస్థ దేశాల కమిషన్ కాగితాలు రెండూ నా అభ్యర్థన పరిధిలోకి వస్తాయి. మన సైనికుల కీర్తిని మరోసారి చాటడం కోసం ఇవి కావాలని నేను అడగడం లేదు. తమ ఇష్టంతో పని లేకుండా ఎవరో తుపాకీ చేతికిచ్చి యుద్ధానికి పంపగా, శత్రువు చేతికి చిక్కి, ఆపైన ఏళ్ల తరబడి ముళ్లతీగల మధ్య గడిపిన మనుషుల మాటలు ఆ కాగితాల్లో ఉండి తీరాలి కాబట్టి అడుగుతున్నాను.

ఆ మనుషులు ఎవరో ముందుగా చెప్పాలి. 1950 జూన్ 25న ఉత్తర కొరియా సైన్యం రెండు కొరియాల సరిహద్దు అయిన 38వ అక్షాంశం దాటింది, 28వ తేదీకల్లా సియోల్ పడిపోయింది. రాజధానిని నిలబెట్టుకుంటామని ప్రజలకు రేడియోలో ధైర్యం చెబుతూనే అధ్యక్షుడు సింగ్‌మన్ రీ 27వ తేదీనే నగరం విడిచి వెళ్లారు. 28 తెల్లవారుజామున దక్షిణ కొరియా సైన్యమే హాన్ నది వంతెనను పేల్చివేయడంతో దాటలేకపోయిన లక్షల మంది నగరంలో చిక్కుకుపోయారు. ఇలా చిక్కుకున్నవారిలో పద్దెనిమిది నుంచి ముప్పై ఆరేళ్ల మగవాళ్లందరూ జులై 1న వెలువడిన ఉత్తర కొరియా సైనిక సమీకరణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చారు. పాఠశాలల్లో, కార్యాలయాల్లో, కర్మాగారాల్లో సభలు పెట్టేవారు. వేదిక మీద ఒకరు లేచి ముందుకు రమ్మని పిలవగానే చప్పట్లు మోగేవి, పేర్లు రాసుకునేవారు, రాయించుకున్నవాడు ఇంటికి వెళ్లి చెప్పిరావడానికి కూడా వీలుండేది కాదు. దానితో యువకులు అటకల మీద, ఇంటి నేలపలకల కింద దాక్కోవడం మొదలుపెట్టారు, వారి కోసం వీధుల్లో గాలింపులూ మొదలయ్యాయి. పట్టుబడినవారిని, పగలు అమెరికన్ విమానాల భయం ఉండడంతో, రాత్రి పూట నడిపించుకుని తీసుకుపోయేవారు. ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నక్‌తోంగ్ నది ఒడ్డున జరిగిన పోరుకు వారిని తగిన శిక్షణ లేకుండానే పంపారు.

బలవంతపు సమీకరణ ఒక పక్షానికే పరిమితం కాలేదన్న సంగతీ ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఈ లేఖ సగం నిజమే అవుతుంది. 1950 డిసెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వం పదిహేడు నుంచి నలభై ఏళ్ల లోపు వారిని జాతీయ రక్షణ దళం పేరుతో సమీకరించి, గడ్డకట్టే చలిలో దక్షిణానికి నడిపించింది. వారి తిండికీ బట్టకూ కేటాయించిన సొమ్మును పై అధికారులు కాజేయగా, యుద్ధరంగాన్ని చూడకుండానే దారిలో వేలకు వేలు ఆకలికీ చలికీ చనిపోయారు. ఆ దళం అధిపతితో సహా ఐదుగురు అధికారులకు 1951 ఆగస్టులో మరణశిక్ష అమలైంది. ఇక దక్షిణ సైన్యం నుంచి ఉత్తరానికి చిక్కినవారి సంగతి మరొకటి. యుద్ధం మొదటి నెలల్లో 65,000 మందికి పైగా బందీలుగా పట్టుకున్నామని ఉత్తర పక్షం తానే ప్రకటించుకుంది, కానీ 1951 డిసెంబరు 18న, విరమణ చర్చలు జరుగుతున్న పన్‌ముంజోమ్‌లో జాబితాలు మార్చుకున్నప్పుడు అది ఇచ్చిన పేర్లు 11,559 మాత్రమే. తక్కినవారు ఏమయ్యారని అడిగితే, యుద్ధరంగంలోనే విడుదల చేశామన్నది జవాబు. అలా విడుదలైనవారిలో చాలామంది ఉత్తర సైన్యం దుస్తుల్లో తేలారు. నిన్నటి దాకా తాను ఉన్న సైన్యం మీదకే తుపాకీ ఎత్తి, మళ్లీ ఆ సైన్యానికే ఖైదీగా చిక్కినవాడు ఆ యుద్ధంలో అరుదేమీ కాదు.

ఈ గతి ఒక్కో మనిషికి ఎలా పట్టిందో చూడడానికి కవి కిమ్ సు యంగ్ జీవితం చాలు. 1921లో సియోల్‌లో పుట్టిన ఆయన జపాన్‌లో చదువుకుంటూ, కొరియా విద్యార్థులను జపాన్ సైన్యంలోకి లాగుతున్న రోజుల్లో దాన్ని తప్పించుకోవడానికి స్వదేశానికి తిరిగివచ్చి, అక్కడి నుంచి మంచూరియా చేరాడు. జపాన్ చక్రవర్తి సైన్యాన్ని అలా తప్పించుకున్న మనిషిని 1950 ఆగస్టులో సొంత నగరంలోనే ఉత్తర సైన్యం పట్టుకుపోయింది. ప్యాంగ్‌యాంగ్‌కు ఉత్తరాన కెచోన్ ప్రాంతంలో సుమారు నెల రోజులు శిక్షణ ఇచ్చారు. దక్షిణ పక్షాన అమెరికా నాయకత్వంలో పోరాడిన ఐక్యరాజ్యసమితి సేనలు ఉత్తరానికి చొచ్చుకువచ్చిన గందరగోళంలో తప్పించుకుని, అక్టోబరు ఆఖరులో సియోల్ చేరాడు. ఇల్లు చేరకముందే పోలీసులు పట్టుకున్నారు. ఆ పోలీసులు శత్రుదేశం వాళ్లు కారు, ఆయన ప్రభుత్వం వాళ్లే. నిర్బంధంగా తీసుకుపోయారని చెప్పుకున్నా, పారిపోయి వచ్చానని చెప్పుకున్నా వినిపించుకునే నాథుడు లేడు. శత్రు సైన్యంలో ఉన్నవాడు శత్రువే అన్నది అప్పటి లెక్క. తర్వాత ఇంచియాన్ శిబిరం, బుసాన్ సైనిక ఆసుపత్రి, కోజే దీవి, తిరిగి బుసాన్. దుస్తుల మీద యుద్ధఖైదీ అని ఇంగ్లిషు అక్షరాలతో ముద్ర. ఇంగ్లిషు బాగా వచ్చినందువల్ల ఆసుపత్రిలో దుబాసీగా పనిచేశాడు, అదే ఆయన ప్రాణం కాపాడి ఉంటుందని నా ఊహ. మొదటి బిడ్డ ఆయన నిర్బంధంలో ఉండగానే పుట్టింది. 1952 నవంబరు ఆఖరులో విడుదలయ్యేనాటికి ఆయన హోదా యుద్ధఖైదీ కాదు, పౌర నిర్బంధితుడు. అంటే రెండేళ్ల తర్వాత, ఈయన సైనికుడే కాదని కాగితం మీద ఒప్పుకున్నారన్నమాట.

ఆయన కవి కాబట్టి ఆ సంగతులు మనకు తెలిశాయి. అదే ఆగస్టులో, అదే నగరంలో, అదే రకంగా పట్టుబడిన గుమాస్తాలు, కుండలు చేసేవాళ్లు, హైస్కూలు పిల్లలు రాసి పెట్టుకోలేదు. రాసుకున్నవాళ్లు కూడా తమ కుటుంబాలకు అనుమానపు కళ్లు తగలకూడదని ఆ కాగితాలను కాల్చేసుకుని ఉండవచ్చు.

1950 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి పక్షం దగ్గర వెయ్యి మంది ఖైదీలు కూడా లేరు. ఇంచియాన్‌లో సేనలు దిగి ఉత్తర సైన్యం కుప్పకూలాక, నవంబరు నాటికి ఆ సంఖ్య లక్షా ముప్పై వేలు దాటింది. ఇంతమందిని ఎక్కడ పెట్టాలో తెలియక 1951 ఆరంభంలో దక్షిణ తీరాన కోజే దీవిలో శిబిరం కట్టారు. అక్కడ గుట్టల మధ్య పల్లపు పొలాల్లో, ఒక్కొక్క ఆవరణలో వేలమందిని కిక్కిరిసేలా ఉంచారు. కాపలాదారులు తీగల బయట ఉండేవారు. లోపల మాత్రం ఖైదీల నాయకులదే రాజ్యం. అన్నం ఎవరికి ఎంత పెట్టాలో, దుప్పటి ఎవరికి ఇవ్వాలో, రాత్రి ఎవరిని విచారించాలో ఆవరణ నాయకులు నిర్ణయించేవారు. ఒక ఆవరణ కమ్యూనిస్టులది, పక్క ఆవరణ కమ్యూనిస్టు వ్యతిరేకులది. ఏ సిద్ధాంతంతోనూ సంబంధం లేకుండా వచ్చి పడ్డవాడు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఇక్కడ నోరు విప్పితే ద్రోహి, అక్కడ నోరు మూసుకుంటే ద్రోహి.

62వ ఆవరణలో జరిగింది ఇందుకు సాక్ష్యం. బలవంతంగా సైన్యంలో చేర్చుకున్నవారని తేలిన దక్షిణ కొరియన్లను 1951 ఆఖరులో ఖైదీల లెక్క నుంచి తొలగించి పౌర నిర్బంధితులుగా మార్చారు. వారి సంఖ్య ముప్పై ఏడు వేల పైమాటే. వారిని మళ్లీ ఒకసారి విడివిడిగా ప్రశ్నించి, ఎవరు ఎటు వెళ్తారో తేల్చాలని అమెరికన్ అధికారులు పూనుకున్నప్పుడు, 62వ ఆవరణలోని నాయకత్వం ఒప్పుకోలేదు. 1952 ఫిబ్రవరి 18 తెల్లవారుజామున సైన్యం లోపలికి వెళ్లింది. గుడారపు కర్రలూ, ముళ్లతీగలు చుట్టిన దుడ్డుకర్రలూ పట్టుకుని నిర్బంధితుల గుంపు వారి మీద పడింది, సైనికులు కాల్చారు. ఒక అమెరికన్ సైనికుడు, డెబ్భై మందికి పైగా నిర్బంధితులు ఆ ఘర్షణలో మరణించారు. వారిలో ఎందరు ఉత్తరం మీద నమ్మకంతో పోరాడారో, ఎందరు వెనక నుంచి తోస్తే ముందుకు వచ్చారో ఇక తేలదు. ఆ ఏప్రిల్‌లో జరిగిన పెద్ద వడపోతలో ఖైదీలను అడిగిన ఏడు ప్రశ్నల్లో ఒకటి, తిరిగి పంపాలని చూస్తే బలప్రయోగంతో ఎదిరిస్తావా అన్నది. రెండేళ్లుగా ఎవరూ ఏమీ అడగని మనిషిని హఠాత్తుగా పట్టుకుని, కొన్ని నిమిషాల్లో జీవితాంతపు జవాబు చెప్పమన్నారు, అది కూడా రాత్రికి మళ్లీ అదే ఆవరణకు, అదే నాయకుల మధ్యకు వెళ్లవలసి ఉండగా.

1949 నాటి జెనీవా ఒప్పందాలు ఇలాంటి మనిషిని ఊహించాయా అంటే, సగం ఊహించాయి. చేతికి చిక్కిన ఖైదీని తన సైన్యంలో పనిచేయమని నిర్బంధించడం మూడో ఒప్పందం 130వ అధికరణ ప్రకారం తీవ్ర ఉల్లంఘన. ఆక్రమిత ప్రాంత పౌరులను బలవంతంగా సైన్యంలో చేర్చడాన్ని నాలుగో ఒప్పందం నిషేధించింది. నేరం ఏమిటో అలా స్పష్టంగా రాసిన చట్టం, ఆ నేరానికి గురైనవాడు యుద్ధం ముగిశాక ఎటు వెళ్లాలో మాత్రం చెప్పలేదు. శత్రుత్వం ముగియగానే ఆలస్యం లేకుండా విడుదల చేసి వెనక్కి పంపాలని 118వ అధికరణ చెబుతుంది. ఎక్కడికి వెనక్కి? ఉత్తర సైన్యంలోకి బలవంతంగా వెళ్లిన కేసోంగ్ యువకుణ్నే తీసుకోండి. 1950 జూన్‌లో కేసోంగ్ 38వ అక్షాంశానికి దక్షిణాన, దక్షిణ కొరియా పాలనలో ఉంది. 1953 జులైలో విరమణ రేఖ గీసేసరికి అది ఉత్తరానిదైంది. అతను తన దేశానికి వెళ్లాలంటే ఇల్లు వదులుకోవాలి, ఇంటికి వెళ్లాలంటే తనను పట్టుకుపోయిన ప్రభుత్వం కిందికి వెళ్లాలి. పన్‌ముంజోమ్ చర్చలు ఏడాదికి పైగా ఈ ఒక్క అంశం దగ్గరే ఆగిపోయాయి. అన్ని రోజులూ తుపాకులు పేలుతూనే ఉన్నాయి.

1952 వేసవిలో సుమారు 27,000 మంది, ఆ ఏడాది చివరిలో మరో 11,000 మంది పౌర నిర్బంధితులను దక్షిణ కొరియా ప్రభుత్వం సమ్మతితో విడుదల చేశారు. కిమ్ సు యంగ్ బయటపడింది ఆ రెండో విడత కాలంలోనే. బయటపడ్డారంటే కష్టాలు గట్టెక్కాయని కాదు. శిబిరం నుంచి వచ్చినవాడన్న ముద్ర ఉద్యోగం దగ్గరా, పోలీసు ఠాణా దగ్గరా వదిలేది కాదు.

ఇక మన సంగతి. ఈ చిక్కుముడి విప్పడానికి ఐక్యరాజ్యసమితిలో 1952 డిసెంబరు 3న ఆమోదం పొందిన తీర్మానం భారతదేశం ప్రతిపాదించినది, దాన్ని నడిపించినవారు వి.కె. కృష్ణమీనన్. ఖైదీలను వెనక్కి పంపడానికి గానీ, పంపకుండా ఆపడానికి గానీ బలప్రయోగం చేయకూడదన్నది దాని సారం. యుద్ధ విరమణ తర్వాత, స్వదేశానికి తిరిగి వెళ్లబోమన్న 22,604 మందిని ఐక్యరాజ్యసమితి పక్షం, 359 మందిని ఉత్తర పక్షం మన దళానికి అప్పగించాయి. మొదటి గుంపులో కొరియన్లు 7,900 మంది, ఉత్తరం పక్షాన పోరాడిన చైనీయులు 14,704 మంది. రెండో గుంపులో దక్షిణ కొరియన్లు 335 మంది, అమెరికన్లు 23 మంది, ఒక బ్రిటిష్ సైనికుడు. దక్షిణ కొరియా గడ్డ మీద మన సైనికుల కాలు మోపనివ్వనని సింగ్‌మన్ రీ పట్టుబట్టడంతో, ఓడల మీది నుంచి హెలికాప్టర్లలో వారిని నిస్సైనిక మండలానికి చేర్చవలసి వచ్చింది. అక్కడ వెలసిన శిబిరానికి హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మనవాళ్లు ఆ సంబరంలో ఉన్న రోజుల్లోనే, హింద్ నగర్‌లో ఖైదీలు కంచెల మీదికి ఎగబడడం, మన కాపలాదారులు కాల్చడం, కొందరు మరణించడం జరిగాయి. ఆ వార్తను ఇక్కడ ఎందరు గమనించారో!

స్వదేశానికి తిరిగి రమ్మని ఖైదీకి ఆ దేశపు అధికారులు నచ్చజెప్పే వివరణ గుడారం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. మధ్యలో బల్లలు. ఒకవైపు ఖైదీ స్వదేశం నుంచి వచ్చిన అధికారులు, ఎదురుగా భారత, స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లొవేకియా ప్రతినిధులు, దుబాసీలు. ఖైదీని మన సైనికులు తీసుకువచ్చి కూర్చోబెడతారు. చాలామంది కూర్చోరు, నినాదాలు చేస్తారు, చెవులు మూసుకుంటారు, వివరించే అధికారి మీదికి దూకబోతే మన సైనికులు చేతులు పట్టుకుని ఆపుతారు. ఇంటికి రమ్మని, తప్పులు మన్నిస్తామని, తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారని ఆ అధికారి చెబుతూ పోతాడు. ఆ గుడారానికి రెండు ద్వారాలు. ఒకదాని గుండా వెళ్తే ఇంటికి, మరోదాని గుండా వెళ్తే వెనక్కి, ముళ్లతీగల మధ్యకు. ఎవరైనా మౌనంగా లేచి మొదటి ద్వారం వైపు నడిస్తే, ఆ మనిషి ఇక ఆ ఆవరణలోకి వెళ్లకుండా చూడడం మన సైనికుల బాధ్యత. గుడారం దాకా రాకుండానే నిర్ణయించుకున్నవారూ ఉన్నారు. వారు రాత్రి వేళ తోటి ఖైదీల కన్నుగప్పి కంచె దగ్గరికి చేరి, తీగ దూకి మన కాపలావాడి కాళ్ల దగ్గర పడేవారు.

ఇదంతా సవ్యంగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. వివరణలకు కేటాయించిన గడువు తొంభై రోజులు, వాటిలో నిజంగా పని జరిగిన రోజులు స్వల్పం. కొరియన్ల ఆవరణలు బయటికి రావడానికే నిరాకరించాయి. బలప్రయోగం చేయకూడదన్న నియమానికి తిమ్మయ్య గారు కట్టుబడ్డారు. అది సరైన నిర్ణయమే, కాదంటే 62వ ఆవరణ మళ్లీ పునరావృతమయ్యేది. కానీ దాని ఫలితంగా ఆవరణ నాయకుల పెత్తనం యథాతథంగా మిగిలింది, అత్యధికులు గుడారం ముఖం చూడకుండానే గడువు ముగిసింది. లోపల హత్యలు జరిగాయి. మన అధికారులు విచారణ మొదలుపెట్టినా అది తుదికంటా సాగలేదు. 1954 జనవరిలో ఖైదీలను తెచ్చిన పక్షాలకే తిరిగి అప్పగించడంతో సాక్షులూ నిందితులూ ఒకే దారిన వెళ్లిపోయారు. మొదటి గుంపు నుంచి స్వదేశానికి వెళ్తామన్నవారు 628 మంది, వారిలో కొరియన్లు 188 మంది. తక్కినవారిది నిజమైన సమ్మతా, భయమా అన్న ప్రశ్నకు తిమ్మయ్య కమిషన్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలు కూడా గట్టి సమాధానం ఇవ్వలేకపోయాయి. అలా ఇవ్వలేకపోవడంలోనే వాటి నిజాయితీ ఉందని నేను అనుకుంటాను.

అటూ ఇటూ కాదని, మూడో దేశానికి పోతామని తెగించి చెప్పినవారు 88 మంది. వారిలో 76 మంది కొరియన్లు, 12 మంది చైనీయులు. 1954 ఫిబ్రవరిలో మన దళంతో పాటు అస్టూరియాస్ అనే ఓడలో ఇంచియాన్ నుంచి బయలుదేరి మద్రాసు రేవులో దిగారు. అక్కడి నుంచి ఢిల్లీ కంటోన్మెంటుకు చేర్చి, ఏ దేశమైనా తీసుకుంటానని ముందుకు వచ్చేదాకా అక్కడే ఉంచారు. రెండేళ్లు గడిచాక సుమారు యాభై మంది బ్రెజిల్‌కు, పదిమందికి పైగా అర్జెంటీనాకు వెళ్లారు. కొందరు మనసు మార్చుకుని కొరియాకే తిరిగిపోయారు. కొద్దిమంది ఇక్కడే ఉండిపోయి, పెళ్లిళ్లు చేసుకుని, వ్యాపారాలు పెట్టుకుని, ఢిల్లీలో కొరియన్ల సమాజానికి పునాది వేశారు. వీరంతా బలవంతంగా సైన్యంలో చేరినవారే అని నేను అనను. వారిలో ఉత్తర సైన్యం అధికారులూ ఉన్నారు. కానీ సొంత దేశపు రెండు ముక్కల్లో ఏదీ తన మాట వినదని తేల్చుకున్నవారు మాత్రం వారంతా.

అయ్యా, నా అభ్యర్థనకు కారణం ఇదే. బలవంతంగా సైనికుణ్ని చేసిన మనిషి గురించి ఉన్న ప్రతి కాగితాన్నీ అతని మీద అధికారం ఉన్నవాడే రాశాడు. సమీకరణ జాబితా ఉత్తర సైన్యం రాసింది, పట్టుబడినప్పటి విచారణ పత్రం అమెరికన్ సైన్యం రాసింది, విడుదల తర్వాతి నిఘా పత్రం దక్షిణ కొరియా పోలీసులు రాశారు. అతన్ని తమవైపు తిప్పుకోవాలన్న పట్టుదల లేకుండా, నీకేం కావాలని అడిగి రాసుకున్నది ఆ ఆరు నెలల్లో మనవాళ్లు మాత్రమే. అలా రాసుకున్నవి అసంపూర్ణం కావచ్చు, దుబాసీల పొరపాట్లతో నిండి ఉండవచ్చు. అయినా వాటికి ప్రత్యామ్నాయం ప్రపంచంలో మరెక్కడా లేదు.

రక్షణ శాఖ చరిత్ర విభాగం 1976లో ఈ దళం చరిత్రను ప్రచురించింది. అది మంచి పని, కానీ అది దళం చరిత్ర. దళాల కదలికలు, అధికారుల నిర్ణయాలు, కమిషన్‌లో వాదోపవాదాలు అందులో ప్రధానం. ఖైదీ అందులో ఒక సమస్యగా కనిపిస్తాడు. నాకు కావలసినది ఆ పుస్తకం వెనక ఉన్న ఫైళ్లు. స్వదేశానికి పంపమని ఖైదీలు పెట్టుకున్న అర్జీలు, మరణాలపై జరిగిన విచారణల రికార్డులు, హత్య కేసుల్లో తీసుకున్న వాంగ్మూలాలు, ఆసుపత్రి రిజిస్టర్లు, 88 మంది ఢిల్లీలో ఉన్న రెండేళ్లలో వారికీ మన విదేశాంగ శాఖకూ మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు.

చట్టం ఇందుకు అడ్డు రాదు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం, దాని కింద వచ్చిన నిబంధనలు పాతికేళ్లు దాటిన రికార్డులను ఆర్కైవ్స్‌కు అప్పగించే దారి చూపించాయి. 2021 జూన్‌లో రక్షణ శాఖ స్వయంగా యుద్ధ చరిత్రల పత్రాల విషయంలో ఒక విధానం ప్రకటించి, పాతికేళ్లు దాటిన పత్రాలను నిపుణులు పరిశీలించి నేషనల్ ఆర్కైవ్స్‌కు బదిలీ చేయాలని చెప్పింది. హింద్ నగర్ పత్రాలకు డెబ్భై ఏళ్లు దాటాయి. అభిలేఖ్ పటల్ పోర్టల్ ద్వారా లక్షల పుటలను ఇంట్లో కూర్చుని చదివే సౌకర్యం నేషనల్ ఆర్కైవ్స్ కల్పించింది. ఆ పోర్టల్‌లో ఈ ఖైదీలకూ ఒక ప్రత్యేక విభాగం ఉండాలన్నది నా కోరిక.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఉత్తర కొరియాకు తిరిగి వెళ్లిన 188 మందిలో ఎవరు ఏ కారణం చెప్పి వెళ్లారో పేరుతో సహా బయటపెడితే, అక్కడున్న వారి పిల్లలకూ మనవలకూ ముప్పు రావచ్చు. అక్కడి వ్యవస్థలో తాత తప్పు మనవడి దాకా వెంటాడుతుందన్నది తెలిసిన విషయమే. అందుచేత వారి పేర్లు, ఊర్లు, క్రమసంఖ్యలు కప్పి, మాటలు మాత్రమే ఉంచాలి. హత్య కేసుల్లో సాక్ష్యం చెప్పినవారి విషయంలోనూ అంతే. మూడో దేశానికి వెళ్లినవారి కాగితాలను ముందుగా వారి కుటుంబాలకు చూపించి, అనుమతి తీసుకుని తెరవడం మర్యాద. ఈ జాగ్రత్తలన్నీ తీసుకోవడానికి కొరియన్ భాష, అప్పటి చేతిరాత తెలిసినవారు కావాలి. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కొరియన్ అధ్యయన విభాగం ఉంది, అక్కడి వారి సాయం కోరవచ్చు. సియోల్ ప్రభుత్వంతో స్నేహం దెబ్బతింటుందన్న సందేహం మాత్రం నాకు సబబుగా తోచదు. 1994లో లెఫ్టినెంట్ చో చాంగ్ హో నలభై మూడేళ్ల బందీ జీవితం తర్వాత ఉత్తరం నుంచి తప్పించుకు వచ్చాక, 2010 వరకు అలా వచ్చిన దక్షిణ కొరియా యుద్ధఖైదీలు ఎనభై మంది. వారిలో ఇద్దరికి నష్టపరిహారం ఇవ్వాలని 2020 జులైలో సియోల్ న్యాయస్థానం ఉత్తర కొరియాపై తీర్పు చెప్పింది. కాగితం దొరికితే న్యాయస్థానం మెట్లెక్కడానికి సిద్ధంగా ఉన్న దేశం అది. ఉత్తరం వైపు చేరిన ఆ 335 మంది గురించి మన దగ్గరున్న ప్రతి పుటా అక్కడ ఒక కుటుంబానికి సమాచారమే. వారిలో 325 మంది చివరికి ఉత్తరంలోనే ఉండిపోయారు. సొంత ఇష్టంతోనా, కాదా అన్నది వారి బంధువులకు నేటికీ తీరని సందేహం.

1950 వేసవిలో ఇరవై ఏళ్లున్న యువకుడికి ఇప్పుడు తొంభై అయిదు దాటుతుంది. ఆ కాగితాలు చూసి, అవును నేనే చెప్పానని ధ్రువీకరించగలవారు బతికి ఉన్నది ఇంకెంతో కాలం కాదు. అంచేత పని పెద్దదని, సిబ్బంది లేరని మొత్తాన్ని వాయిదా వేయవద్దని కోరుతున్నాను. అన్నిటికంటే ముందు చేయదగినది, ఖర్చు లేనిది ఒకటుంది. కస్టోడియన్ ఫోర్స్, తటస్థ దేశాల కమిషన్, ఢిల్లీలో ఉంచిన 88 మంది, ఈ మూడు వ్యవహారాలకూ సంబంధించి ఏ ఫైలు ఏ శాఖ దగ్గర, ఏ గదిలో, ఎన్ని పుటలతో ఉందో ఒక జాబితా తయారుచేసి, వచ్చే జులై 27 నాటికి, అంటే యుద్ధ విరమణ వార్షికోత్సవం నాటికి ప్రజల ముందు పెట్టండి. ఏ ఫైలు కనిపించడం లేదో, ఏది నాశనమైందో కూడా ఆ జాబితాలో రాయండి. తెరవడం, అనువదించడం, పేర్లు కప్పడం ఆ తర్వాత దశలవారీగా జరగవచ్చు. జాబితా పనికి పదవీ విరమణ చేసిన చరిత్ర అధ్యాపకులు పైసా తీసుకోకుండా కూర్చుంటారు. అందులో నా పేరు మొదట రాసుకోండి.

విధేయుడు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు